దుకాణానికీ, సరదాకీ సోషల్ మీడియా: హైదరాబాద్‌లో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న షాపులు నడిపేవాళ్లు, ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి, బ్లౌజులు కుట్టి, కేకులు చేసి అమ్ముకునే ఆడవాళ్లు, రిటైరయ్యాక తీరిగ్గా ఫోను పట్టుకున్న పెద్దవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. జవాబులన్నిటి వెనకా నా నమ్మకం ఒక్కటే: ఎంతమంది ఫాలో అవుతున్నారన్నదాని కన్నా, అడిగినవాళ్లకు మీరు ఎంత త్వరగా, ఎంత నిజాయితీగా జవాబిస్తున్నారన్నదే వ్యాపారాన్ని నిలబెడుతుంది.

మా షాపు ఇరవై ఏళ్లుగా నోటిమాట మీదే నడుస్తోంది. ఇప్పుడు ఇదంతా ఎందుకు?

నోటిమాట ఎక్కడికీ పోలేదు, ఫోనులోకి వచ్చింది. ఇదివరకు పక్కింటావిడ "ఫలానా చోట మగ్గం వర్క్ బాగా చేస్తారు" అంటే అడ్రస్ కనుక్కుని వెళ్లేవాళ్లు. ఇప్పుడు అదే మాట అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వస్తుంది. వెంటనే నలుగురు "నంబర్ పెట్టండి", "ఫోటోలు ఉన్నాయా" అని అడుగుతారు. ఆ క్షణాన చూపించడానికి మీకంటూ ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే ఆ గ్రూపులోనే ఇంకొకరు వేరే షాపు లింకు పెడతారు, గిరాకీ అటు వెళ్లిపోతుంది. పాత గిరాకీని వదిలేసి కొత్తవాళ్ల వెంట పడమని చెప్పడం లేదు. మీ గురించి మంచిమాట చెప్పేవాళ్లకు, ఆ మాటతో పాటు పంపడానికి ఒక లింకు చేతికివ్వమంటున్నాను.

ఏ యాప్‌తో మొదలుపెట్టాలి? అన్నిట్లోనూ ఉండాలా?

అక్కర్లేదు. కొత్తవాళ్లు ఒకే రోజు ఐదు ఖాతాలు తెరిచి, నెల తిరిగేసరికి అన్నీ వదిలేస్తారు. చివరి పోస్టు రెండేళ్ల కిందటిదైతే, చూసినవాళ్లు షాపు మూతపడిందేమో అనుకుంటారు. అలాంటి ఖాతా ఉండడం కన్నా లేకపోవడం నయం.

మీ గిరాకీ ఎవరో ముందు చూడండి. కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఇంటి దగ్గర చీరలు అమ్మేవాళ్లకు వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ చాలు. నలభై దాటిన గిరాకీ, ఊళ్లలో ఉన్న బంధువులు, అమెరికాలో ఉన్న మనవాళ్లు కావాలంటే ఫేస్‌బుక్ ఇప్పటికీ పనికొస్తుంది. వంటలు, రిపేర్లు, తోటపని లాంటివి చేసి చూపించే పనైతే యూట్యూబ్‌ను మించింది లేదు. అక్కడ మూడేళ్ల కిందటి వీడియోను కూడా జనం వెతుక్కుని చూస్తారు. ఇన్‌స్టాగ్రామ్ రీల్‌కు అంత ఆయుష్షు ఉండదు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు కంపెనీలకు ఏదైనా సరఫరా చేసేవాళ్లు, అకౌంట్స్ చూసేవాళ్లు, శిక్షణ ఇచ్చేవాళ్లు లింక్డ్‌ఇన్‌లో ఉండాలి. 2023లో ఎక్స్‌గా పేరు మారిన ట్విట్టర్ వార్తలకు, ఫిర్యాదులకు బాగుంటుంది కానీ చిన్న షాపుకు అక్కడ పెద్దగా బేరం తగలదు.

ఎవరికైనా మొదటి రెండు మెట్లు మాత్రం ఒకటే: వాట్సాప్ బిజినెస్, గూగుల్ మ్యాప్స్. ఆ తర్వాత మీ సరుకు చూపించే షోకేసులా ఒక్కటంటే ఒక్క యాప్. అది ఆరు నెలలు సరిగా నడిచాక రెండోది.

ఇంకో విషయం కూడా గుర్తుంచుకోవాలి. 2020 జూన్‌లో ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, అక్కడ లక్షల్లో అభిమానుల్ని సంపాదించుకున్న మన తెలుగువాళ్లు ఒక్క రాత్రిలో ఖాళీ చేతులతో మిగిలారు. యాప్ మనది కాదు. అందుకే కొన్నవాళ్ల పేర్లు, నంబర్లు వాళ్లను అడిగి ఒక పుస్తకంలోనో ఫోనులోనో రాసిపెట్టుకోండి.

మామూలు వాట్సాప్ ఉంది కదా, వాట్సాప్ బిజినెస్ వేరే ఎందుకు?

2018లో వచ్చిన ఈ యాప్ కూడా ఉచితమే. ఇందులో షాపు పేరు, టైమింగ్స్, అడ్రస్, వస్తువుల కేటలాగ్ పెట్టుకోవచ్చు. కేటలాగ్‌లో ఒక్కో వస్తువుకు ఫోటో, ధర, రెండు లైన్ల వివరం రాసుకుంటే, రోజుకు పదిసార్లు అవే ఫోటోలు పంపే పని తప్పుతుంది. రెండు సిమ్‌ల ఫోనైతే ఒక నంబర్‌తో మామూలు వాట్సాప్, ఇంకో నంబర్‌తో బిజినెస్ వాడుకోవచ్చు. షాపు ల్యాండ్‌లైన్ నంబర్‌తో కూడా తెరవచ్చు, కోడ్ ఫోన్ కాల్‌లో చెబుతారు. పర్సనల్ నంబర్ ఊరందరికీ ఇవ్వడం ఇష్టంలేని ఆడవాళ్లకు ఇది మంచి దారి.

ఒకే మెసేజ్‌ను ఒక్కసారే చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఒక లిస్టులో 256 మందిని పెట్టుకోవచ్చు, కానీ మీ నంబర్‌ను సేవ్ చేసుకున్నవాళ్లకు మాత్రమే ఆ మెసేజ్ చేరుతుంది. "అందరికీ పంపాను, ఒక్కరూ పలకలేదు" అనేవాళ్ల బాధకు సగం కారణం ఇదే. సామాను ప్యాక్ చేసి ఇచ్చేటప్పుడు "మా నంబర్ సేవ్ చేసుకోండమ్మా, కొత్త స్టాక్ వస్తే స్టేటస్‌లో పెడతాం" అని ఒక్క మాట చెప్పండి. స్టేటస్ 24 గంటలే ఉంటుంది కానీ మన ఇళ్లలో దాన్ని చూసినంతగా మరేదీ చూడరు.

అడక్కుండా గ్రూపుల్లో చేర్చకండి. ఒకసారి బ్లాక్ చేసినవాళ్లు మళ్లీ రారు.

గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టడం సోషల్ మీడియా కిందికి వస్తుందా?

రాకపోయినా సరే, ముందు ఆ పని చేయండి. "నా దగ్గర్లో టైలర్", "నియర్ మీ టిఫిన్ సెంటర్" అని వెతికేవాళ్లు కొనడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. షాపు మీదేనని నిర్ధారించుకోవడానికి తరచుగా ఒక వీడియో తీసి పంపమంటారు. అందులో వీధి, బోర్డు, లోపలి సామాను వరసగా కనిపించాలి. "డబ్బులిస్తే వెరిఫై చేయిస్తాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే కట్ చేయండి.

అడ్రస్ రాసేటప్పుడు మన హైదరాబాద్ పద్ధతిలో రాయండి. ఇంటి నంబర్లలో గీతలూ, బై నంబర్లూ చూసి షాపు కనుక్కునేవాళ్లు ఈ ఊళ్లో లేరు. అత్తాపూర్ వైపైతే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబర్, మెట్రో దారిలోనైతే మెట్రో పిల్లర్ నంబర్, లేకపోతే దగ్గరి గుడి, మసీదు, ఫంక్షన్ హాలు పేరు చెప్పండి. "ఫలానా పిల్లర్ ఎదురుగా గల్లీలో ఎడమ చేతి వైపు మూడో షాపు, కింద మెడికల్ షాపు ఉంటుంది, మేం మొదటి అంతస్తు" అని రాసి పెట్టుకుంటే, రోజూ ఫోనులో దారి చెప్పే పని సగానికి సగం తగ్గుతుంది. బండి ఎక్కడ పెట్టుకోవాలో కూడా రాయండి. కోఠి, జనరల్ బజార్ లాంటి చోట గిరాకీ వెనక్కి తగ్గేది పార్కింగ్ టెన్షన్‌తోనే.

నా పర్సనల్ ఇన్‌స్టాగ్రామ్‌లోనే అమ్మకాలు పెట్టొచ్చా?

పెట్టొచ్చు కానీ వద్దు. పిల్లల పుట్టినరోజు ఫోటోలు, చీరల రేట్లు ఒకే చోట ఉంటే కొనేవాళ్లకు అయోమయం, మీకు రక్షణ ఉండదు. వేరే ఖాతా తెరిచి, సెట్టింగ్స్‌లో ప్రొఫెషనల్‌గా మార్చుకోండి, ఉచితమే. ఒక్క తేడా ముందే తెలుసుకోండి: బిజినెస్ ఖాతాగా మారిస్తే చాలా సినిమా పాటలు రీల్స్‌కు పెట్టుకోవడానికి దొరకవు. వాణిజ్య అవసరానికి ఆ పాటల హక్కులు ఇవ్వలేదు కాబట్టి.

ఏ భాషలో రాయాలి?

మీ కౌంటర్ దగ్గర ఏ భాష మాట్లాడతారో ఆ భాషలో. తెలుగు గిరాకీకి తెలుగులో రాస్తే ఆ దగ్గరితనమే వేరు. లాడ్ బజార్ వైపు గాజుల షాపుకు హైదరాబాదీ హిందీలో మాట్లాడే వీడియోనే పని చేస్తుంది. టైపింగ్ కష్టమైతే కీబోర్డులో మైక్ గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడండి, అదే రాసుకుంటుంది. పోస్ట్ చేసే ముందు ఒకసారి చదువుకోండి, ముఖ్యంగా ధరలు. వస్తువు పేరు మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లో కూడా ఒకసారి రాయండి, చాలామంది వెతికేది అలాగే.

ఏం పోస్ట్ చేయాలో తోచడం లేదు. రోజూ కొత్తగా ఏముంటుంది?

ఇది అన్నిటికన్నా ఎక్కువ మంది అడిగే ప్రశ్న, కాస్త వివరంగా చెబుతాను.

రోజూ షాపులో గిరాకీ మిమ్మల్ని ఏం అడుగుతున్నారో వారం పాటు ఒక కాగితం మీద రాయండి. "ఈ పోచంపల్లి అసలుదా, ప్రింటా?" "ఇది ఉతికితే రంగు పోతుందా?" "ఆవకాయ ఎన్ని నెలలు నిలవ ఉంటుంది?" "షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?" ప్రతి ప్రశ్నా ఒక పోస్టు. పోచంపల్లి ప్రశ్నే తీసుకోండి. చీర కొంగును తిప్పి వెనక వైపు చూపించండి. దారానికే ముందుగా రంగు అద్ది నేస్తారు కాబట్టి అసలు పోచంపల్లి ఇక్కత్‌లో డిజైన్ రెండు వైపులా ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది, అంచుల దగ్గర రంగు కొద్దిగా పక్కకు జరిగినట్టు ఉంటుంది. పైన ముద్రించిన ప్రింటైతే సాధారణంగా వెనక వెలిసినట్టు ఉంటుంది. ఈ ముక్క మీ గొంతుతో, మీ చేతిలోని చీరతో ముప్పై సెకన్లలో చెప్పండి. అమ్మండి, కొనండి అనకుండానే మీకు సరుకు తెలుసని చూసేవాళ్లకు అర్థమవుతుంది. ఆ నమ్మకానికే బేరం వస్తుంది.

ఫోటోల విషయంలో రంగు దగ్గరే గొడవలన్నీ. ట్యూబ్‌లైటు కింద తీసిన నెమలికంఠం రంగు ఫోనులో మామూలు నీలంలా కనిపిస్తుంది. చీర చేరాక "మీరు చూపించింది ఇది కాదు" అంటారు, అక్కడ పంచాయితీ మొదలవుతుంది. పొద్దున తొమ్మిది, పదింటికి కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, లైట్లన్నీ ఆర్పి తీయండి. ఫిల్టర్లు వద్దు. ఒక ఫోటో మొత్తం చీర, ఒకటి బోర్డర్ దగ్గరగా, ఒకటి కొంగు, ఒకటి బ్లౌజ్ ముక్క. మచ్చ ఉన్నా దారం పోగు లేచినా అది కూడా చూపించి ధర తగ్గించి చెప్పండి. అలా చూపించినవాళ్ల దగ్గరికే మనుషులు మళ్లీ వస్తారు.

పచ్చళ్లవాళ్లకు, టిఫిన్లవాళ్లకు తయారీయే పెద్ద పోస్టు. మామిడికాయ ముక్కలు కొట్టడం, కారం, ఆవపిండి కలపడం, జాడీకెత్తడం ఎవరు చూడరు? చేతులు, గిన్నెలు, గచ్చు శుభ్రంగా కనిపించాలి, అంతే. ఫోను ఎత్తి పట్టుకోవడానికి ఒక చిన్న స్టాండు కొనుక్కోండి. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో చవకగా దొరుకుతాయి. మొదట్లో ఇంతకు మించి ఖర్చు పెట్టకండి.

ధర రాయకుండా "మెసేజ్ చేయండి" అని పెడుతుంటారు. మేమూ అలాగే చేయాలా?

దయచేసి అలా చేయకండి. ధర దాచిపెడితే ముఖం చూసి రేటు చెబుతారేమో అన్న అనుమానం వస్తుంది. అడగడానికి మొహమాటపడే మనిషి నిశ్శబ్దంగా వెళ్లిపోతారు, మీకు తెలియను కూడా తెలియదు. ధర, కొరియర్ చార్జీ, మార్చి ఇస్తారో లేదో మూడూ రాయండి. పార్సిళ్లు స్పీడ్ పోస్టులో పంపుతారో, కొరియర్‌లోనో, ఊళ్లకైతే ఆర్టీసీ కార్గోలోనో అది కూడా.

మెసేజ్‌కు జవాబిచ్చే తీరు కూడా ఇందులో భాగమే. "అవైలబుల్?" అని అడిగినవాళ్లకు "ఎస్" అని ఒక ముక్క పంపి ఊరుకోకండి. "నమస్తే అండీ, ఉంది. ధర 1,850, హైదరాబాద్ లోపల డెలివరీ 80. మెరూన్, ఆకుపచ్చ రెండే మిగిలాయి. ఈ సాయంత్రం వీడియో తీసి పంపమంటారా?" అంటే అవతలి మనిషికి ఇంకో ప్రశ్న అడగాల్సిన పని ఉండదు. ఇలాంటి జవాబులు వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైగా దాచుకోవచ్చు. రాత్రిళ్లు జవాబివ్వలేకపోతే "పొద్దున పదింటికి చూసి చెబుతాం" అనే ఆటోమేటిక్ మెసేజ్ పెట్టుకుని హాయిగా పడుకోండి.

రోజుకు ఎన్ని పోస్టులు? ఏ టైముకు?

వారానికి మూడు, ఆపకుండా. టైము గురించి వర్రీ అవ్వకండి. రోజుల కన్నా సీజన్లు ముఖ్యం: ఆషాఢం సేల్, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, బతుకమ్మ, దసరా, రంజాన్, జనవరిలో మొదలయ్యే నాంపల్లి నుమాయిష్, పెళ్లి ముహూర్తాలు. ఆషాఢం సరుకు గురించి ఆషాఢంలో కాకుండా పది రోజుల ముందే చెప్పాలి.

కెమెరా ముందు కనిపించడం నాకు ఇష్టం లేదు.

కనిపించకండి. చేతులు, వస్తువు, గొంతు చాలు. గొంతు కూడా ఇబ్బందైతే అక్షరాలు వేసుకోవచ్చు. ఇంట్లో అభ్యంతరాలున్న ఆడవాళ్లు ఎంతోమంది ముఖం చూపించకుండానే మంచి వ్యాపారం చేసుకుంటున్నారు. ఎవరో ఒత్తిడి చేశారని మాత్రం ముందుకు రావద్దు.

సినిమా పాట, హీరో ఫోటో వాడితే తప్పేంటి? అందరూ వాడుతున్నారుగా?

యాప్ తనంతట తానే ఇచ్చే పాటల లైబ్రరీలోవి వాడుకోవచ్చు. బయట నుంచి తెచ్చి అతికిస్తే వీడియో గొంతు మూసేస్తారు, లేదా తీసేస్తారు. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు (హెచ్చరికలు) పడితే చానెలే పోతుంది. హీరో ఫోటోను మీ షాపు ప్రకటనకు వాడడం ఇంకా పెద్ద చిక్కు, ఆయన మీ సరుకును మెచ్చుకున్నట్టు అవుతుంది. పక్క షాపువాళ్ల ఫోటోలు తీసి మీవిగా పెట్టడం అన్నిటికన్నా పాడు పని. ఈ ఊళ్లో గిరాకీ ఒకటే, ఎప్పటికైనా తెలిసిపోతుంది.

ఫాలోవర్లను కొనుక్కోవచ్చా?

వద్దు. కొన్న పదివేల మందిలో ఒక్కరు కూడా పావుకిలో గోంగూర పచ్చడి కొనరు.

ప్రకటనలకు డబ్బు ఎప్పుడు పెట్టాలి?

డబ్బు పెట్టకుండానే కొందరికి నచ్చిన పోస్టు ఒకటి ఉన్నప్పుడు. నచ్చని పోస్టుకు డబ్బు పోస్తే నచ్చనిదాన్నే ఎక్కువమందికి చూపించినట్టు. రోజుకు ఒకటి రెండు వందలతో నాలుగైదు రోజులు చూడండి. ప్రకటన ఎవరికి చూపించాలో అడిగే చోట "ఇండియా" అని వదిలేయకండి. టిఫిన్ సెంటర్‌కు షాపు చుట్టూ మూడు నాలుగు కిలోమీటర్లు చాలు. నాచారంలో ఉన్న టిఫిన్ సెంటర్ పటాన్‌చెరు వాళ్లకు కనిపించి ప్రయోజనమేంటి? గడువు తేదీ పెట్టడం మర్చిపోకండి. లేదంటే కార్డు నుంచి డబ్బు పోతూనే ఉంటుంది. లైకులు కాదు, ఎంతమంది ఫోన్ చేశారు, ఎంతమంది కొన్నారు అనేదే లెక్క రాసుకోండి.

ఫుడ్ వ్లాగర్లు వచ్చి వీడియో చేస్తామంటున్నారు, డబ్బు అడుగుతున్నారు. ఇవ్వాలా?

మీ శక్తిని బట్టి ఉంటుంది. ఇచ్చే ముందు వాళ్ల పాత వీడియోల కింద కామెంట్లు చదవండి. "ఎక్కడ? ఎంత?" అని మన ఊరివాళ్లు అడుగుతుంటే పనికొస్తుంది. ఉత్త చప్పట్ల గుర్తులే ఉంటే వద్దు. ఎన్ని వీడియోలు, ఎప్పుడు పెడతారు, ఎంతకాలం ఉంచుతారు అన్నీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి.

డబ్బు తీసుకుని చేసిన వీడియో అని అందులో స్పష్టంగా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బే కాదు, ఉచితంగా ఇచ్చిన భోజనం, బహుమతి కూడా లెక్కలోకి వస్తాయి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. కాబట్టి "మా కషాయంతో షుగర్ తగ్గిపోతుంది" లాంటి మాటలు వాళ్ల నోటా, మీ నోటా రాకూడదు. ఇంకో ముందుచూపు కూడా అవసరం: వీడియో పేలితే ఆదివారం రెండొందల మంది వస్తారు. రోజూ అరవై మందికి వండే వంటగది ఆ రోజు తట్టుకోగలదా? తట్టుకోలేకపోతే వచ్చిన పేరు ఆ ఒక్క రోజులో పోతుంది.

ఎవరో ఒక్క స్టార్ ఇచ్చి చెడ్డగా రాశారు. ఏం చేయాలి?

ముందు ఒక గంట ఆగండి. కోపంలో రాసిన జవాబు స్క్రీన్‌షాట్ అయి ఊరంతా తిరుగుతుంది. ఆ తర్వాత మర్యాదగా, పొడుగు లేకుండా రాయండి: "ఇబ్బంది కలిగినందుకు క్షమించండి. మీ బిల్లు చూసి మాట్లాడతాం, ఈ నంబర్‌కు ఒక్కసారి ఫోన్ చేయగలరా?" మీ జవాబు చదివేది ఆ ఒక్కరే కాదు, రేపు రాబోయే గిరాకీ కూడా. ఫిర్యాదు నిజమైతే డబ్బు వెనక్కి ఇచ్చేయండి. కులం, మతం తెచ్చి తిట్టేవాళ్లకు జవాబే వద్దు, తీసేసి బ్లాక్ చేయండి. చుట్టాలతో ఐదు స్టార్లు వేయించుకోవడం మానుకోండి, చదివేవాళ్లు ఇట్టే పసిగడతారు.

మోసాలంటే భయం. ఎలా జాగ్రత్తపడాలి?

భయం మంచిదే, అది చేతిని కాస్త ఆపుతుంది. చిన్న వ్యాపారుల మీద ఎక్కువగా జరిగేవి ఇవి.

పెద్ద ఆర్డరు ఇస్తామని ఫోన్. ఎక్కువసార్లు ఆర్మీ అధికారినని చెప్పుకుంటారు, డీపీలో యూనిఫాం ఉంటుంది. బేరమాడకుండా ఒప్పుకుంటారు, "అడ్వాన్స్ పంపుతున్నాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. మన ఖాతాలోకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ అడిగితే డబ్బు పోతోందని అర్థం. ఈ ఒక్క వాక్యం కౌంటర్ దగ్గర కూర్చునే ప్రతి ఒక్కరికీ, షాపులో పనిచేసే కుర్రాడికి కూడా నేర్పండి.

రెండోది, డబ్బు పంపినట్టు దొంగ స్క్రీన్‌షాట్. స్క్రీన్‌షాట్ నమ్మకండి, మీ బ్యాంకు ఖాతా చూసుకున్నాకే పార్సిల్ కదలాలి. రద్దీగా ఉన్నప్పుడే ఈ మోసం జరుగుతుంది.

మూడోది, "మీ పేజీ కాపీరైట్ ఉల్లంఘించింది, 24 గంటల్లో మూసేస్తాం, ఈ లింకు నొక్కండి" అని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా కంపెనీ పేరుతో వచ్చే మెసేజ్. నీలి టిక్కు ఉచితంగా ఇస్తామన్నా ఇదే తంతు. నొక్కి పాస్‌వర్డ్ ఇస్తే పేజీ చేయి జారుతుంది, ఆ తర్వాత మీ పేరుతోనే మీ గిరాకీని డబ్బు అడుగుతారు. ప్రతి ఖాతాకూ టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే రెండో తాళం లాంటిది, ఈ రోజే పెట్టుకోండి. వాట్సాప్‌లో అది ఆరంకెల పిన్. ఫోనుకు వచ్చిన ఓటీపీ చుట్టాలు అడిగినా చెప్పొద్దు, వాళ్ల ఖాతా అప్పటికే ఎవరి చేతిలోనో ఉండొచ్చు.

డబ్బు పోయిందా? సిగ్గుపడుతూ కూర్చోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు. ఆడవాళ్లను మెసేజ్‌లతో వేధించినా, ఫోటోలు మార్చి బెదిరించినా పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. మెసేజ్‌లు డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి, అవే సాక్ష్యం.

ఇంట్లో చేసి అమ్మేదానికి లైసెన్సు కావాలా?

తినేవస్తువులైతే ఇంటి నుంచి అమ్మినా ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. వాళ్లిచ్చే 14 అంకెల నంబర్‌ను లేబుల్ మీదా, ఖాతాలో మీ పరిచయం రాసే బయోలోనూ పెట్టండి. అడక్కముందే చూపిస్తే నమ్మకం పెరుగుతుంది. జీఎస్టీ సంగతి మీ అమ్మకాలను బట్టి ఒక ఆడిటర్‌ను అడగండి.

నాకు వ్యాపారం లేదు. రిటైరయ్యాను, కాలక్షేపానికి నేర్చుకోవాలని ఉంది.

నిజానికి ఈ ప్రశ్న అడిగేవాళ్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. మీకు నచ్చిన ఒక్క విషయం పట్టుకోండి. మిద్దె తోట పెంచేవాళ్ల తెలుగు గ్రూపులు ఫేస్‌బుక్‌లో ఎంత సందడిగా ఉంటాయో చూడండి. వంకాయ మొక్కకు పురుగు పట్టిందని ఫోటో పెడితే, సాయంత్రానికి పది మంది వేపనూనె ఎంత కలపాలో చెబుతారు. విత్తనాలు పంచుకుంటారు. పక్షుల మీద ఆసక్తి ఉంటే అమీన్‌పూర్ చెరువుకు వెళ్లండి, 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. పొద్దున్నే వెళ్లి తీసిన ఫోటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే ఆ పక్షి పేరు చెప్పేవాళ్లు దొరుకుతారు. పాత నగరం మెట్ల బావులు, పద్యాలు, పాత పాటలు, చిన్ననాటి వంటలు ఏదైనా సరే. మీ దగ్గర ఉన్న జ్ఞాపకాలు ఇంకెవరి దగ్గరా లేవు. బోనాలప్పుడు మీ వీధి ఎలా ఉండేదో రాయండి, మనవలు కూడా చదువుతారు.

మూడు జాగ్రత్తలు చాలు. ఊరెళ్లిన ఫోటోలు తిరిగొచ్చాక పెట్టండి, ఇంటికి తాళం వేసుందని అందరికీ తెలియనక్కర్లేదు. పుట్టినతేదీ, ఆధార్, పాస్‌బుక్ కనిపించే ఫోటోలు వద్దు. ఎవరో ఫార్వర్డ్ చేసిన ఆరోగ్య చిట్కా, గొడవల వీడియో నిజమో కాదో తెలియకుండా ముందుకు పంపకండి.

పిల్లలు ఖాతా కావాలంటున్నారు.

ఇన్‌స్టాగ్రామ్‌కు 13 ఏళ్లు నిండాలి. వయసు ఎక్కువ చెప్పి తెరిపించకండి, పిల్లల కోసం పెట్టిన రక్షణలన్నీ ఆ అబద్ధంతోనే పోతాయి. మీ వ్యాపారం రీల్స్‌లో పిల్లల్ని చూపించాలనుకుంటే వాళ్లను అడగండి. వద్దంటే మానేయండి. స్కూలు యూనిఫాంలో మాత్రం ఎప్పుడూ వద్దు.

యూట్యూబ్‌లో డబ్బులు ఎప్పుడు వస్తాయి?

ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. అది దాటినా మొదట్లో వచ్చేది కొద్దిగానే. ఉద్యోగం మానేసి దీని మీద కూర్చుంటానంటే వద్దనే చెబుతాను. మీ వ్యాపారానికి గిరాకీ తెచ్చే చానెల్‌కు వెయ్యి మంది లేకపోయినా ఫరవాలేదు.

చార్మినార్ దగ్గర రీల్ తీయొచ్చా?

ఫోను చేతిలో పట్టుకుని తీస్తే ఇబ్బంది లేదు. లోపల ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. చుట్టుపక్కల బండ్లవాళ్లను, గాజులు అమ్మే ఆడవాళ్లను అడిగి తీయండి. తీశాక వాళ్ల దగ్గర ఏదైనా కొనండి.

నా ఫోన్ నంబర్ మారుతోంది. ఖాతాలన్నీ ఏమవుతాయి?

పాత సిమ్ పని చేస్తుండగానే మార్పులన్నీ చేసుకోండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో నంబర్ మార్చే అవకాశం ఉంది, కేటలాగ్, గ్రూపులు అలాగే ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, గూగుల్, బ్యాంకు, యూపీఐ అన్నిట్లో కొత్త నంబర్ ఇవ్వండి. ఈమెయిల్ కూడా జతచేసి ఉంచండి. మూసేసిన నంబర్‌ను కంపెనీలు 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు, అప్పుడు మీ ఓటీపీలు వాళ్లకు వెళ్తాయి. బోర్డు మీద, బిల్లు పుస్తకంలో, సంచుల మీద, గూగుల్ మ్యాప్స్‌లో ఉన్న నంబర్ కూడా అదే వారం మార్పించండి. కొన్నాళ్లు స్టేటస్‌లో కొత్త నంబర్ పెడుతూ ఉండండి.